నీరులేని సీమకు మా ప్రయాణము

యాత్ర యనగానే మనకు కాశియో, రామేశ్వరమో, తిరుపతియో తలపునకు వచ్చును. మొన్న దసరా సెలవులలో మేము చేసిన యాత్ర అట్టిది కాదు. ఒక సంబంధము విషయమై బయలుదేఱి, దారిలో కొన్ని వింతలు చూచి వచ్చితిమి. ఆ వింతలు చూచిన పిమ్మట సంబంధమును గూర్చిన మా ఇంటివారి అభిప్రాయమే మాఱినది. కనుక ఆ రెండింటిని కలిపియే చెప్పవలసి యున్నది.

మాది కృష్ణా డెల్టాలోని కంకిపాడు. బెజవాడనుండి బందరు పోవు రాజమార్గముమీద నున్న ఊరు. మావారు ఉపాధ్యాయులు. ఇంటిలో మా అత్తగారు, ఇద్దఱు పిల్లలు, మేమిరువురము. మా ఆడపడుచు అనంతపురములో ఉద్యోగము చేయుచున్నది. ఆమెకు అచ్చటనే ఒక సంబంధము వచ్చినది. పిల్లవాడు చదువుకొన్నవాడు, నెమ్మదిగలవాడు. మా ఆడపడుచునకు పూర్ణసమ్మతము. వారి స్వగ్రామము అనంతపురము జిల్లాలో కన్నడదేశపు సరిహద్దున, కణేకల్లు దగ్గఱ. ఆ మాట వినగానే మా అత్తగారు, "నీళ్ళులేని ఊరికి పిల్లనిస్తానా?" అనిరి. ఏఱులేని ఊర కాపురముండరాదని శతకకారుడే చెప్పలేదా యని సాక్ష్యము కూడ తెచ్చుకొనిరి.

ఆమెను తప్పుపట్టుటకు లేదు. పుట్టినది కాలువగట్టున, మెట్టినది కాలువగట్టున. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ సీమలో నీరు పిలువకయే వచ్చు చుట్టము. 1957లో ఆనకట్టకు బదులు ప్రకాశము బ్యారేజి వచ్చెను. చుట్టము రాకడ మాత్రము మానలేదు. వేసవిలో కొన్ని వారములు కాలువలు కట్టివేసిననే మన ఊళ్ళలో ఎంత గోల! అట్టియెడ ఏడాదిలో కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లకు మించని జిల్లాకు కన్నబిడ్డను పంపుమనగా ఆ తల్లి గుండె ఝల్లుమనదా? మన ప్రాంతమున కురియునది అంతకు దాదాపు రెట్టింపు. రాజస్థానములోని జైసల్మేరు తరువాత దేశములో మిక్కిలి తక్కువ వానపడు జిల్లా అనంతపురమే యని చెప్పుదురు.

చివరకు మావారు, "అమ్మా, చూడకుండ కాదనవద్దు. అందఱము కారులో పోయి చూచివత్తము. తరువాత నీమాటయే మామాట" అని ఒప్పించిరి. అత్తగారు ఒక నియమము పెట్టిరి: త్రాగుటకు మన ఊరినీరే తీసికొనిపోవలెను. 20 లీటర్ల నీళ్ళడబ్బా ఒకటి మూతబిగించి వెనుక సీటు క్రింద ఉంచితిమి.

తెల్లవారకమునుపే బయలుదేఱితిమి. పొలములన్నియు పొట్టకు వచ్చిన వరితో నిండి, కాలువలు గట్లొరసి పాఱుచుండెను. పిల్లలు దారిలోని కాలువలు లెక్కించు ఆట మొదలుపెట్టిరి. గుంటూరు చేరునప్పటికి వారి వ్రేళ్ళు చాలలేదు. నరసరావుపేట దాటినను సాగరుకాలువ పిల్లకాలువలు కొన్ని దొరకినవి. వినుకొండ దాటిన పిమ్మట ఆట సాగలేదు. నేల ఎఱ్ఱబాఱెను, ఱాళ్ళు పైకి తేలెను, తుమ్మచెట్లు, కంది చేలు, ఆముదపు మొక్కలు కానవచ్చెను. మా అబ్బాయి విసుగుతో వ్రేళ్ళు ముడిచి నిద్రపోయెను.

మధ్యాహ్నమునకు కంభము చెఱువుకట్టమీద కారు నిలిపి చద్ది విప్పితిమి. గుండ్లకమ్మ నదికి రెండు కొండల నడుమ కట్టవేసి నిలిపిన సముద్రమది. విజయనగర కాలమున వరదరాజమ్మ యను రాజకుమారి దీనిని కట్టించెనని చెప్పుదురు. ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా దీనికి 2020లో గుర్తింపు వచ్చెను. నగలు చేయించుకొన్న రాణుల పేర్లు మఱచిపోయితిమి గాని, చెఱువు కట్టించిన ఈ తల్లిపేరు ఆ గట్టుమీద నడచువారు నేటికిని తలచుచున్నారు.

గిద్దలూరు దాటి నల్లమల కనుమ ఎక్కి దిగితిమి. కనుమకు అవతల కుందూనది లోయ. నల్లరేగడి నేల, మరల కాలువలు! అబ్బాయి మేల్కొని తన లెక్క తిరిగి మొదలుపెట్టెను. ఆ రాత్రి బనగానపల్లెలో బసచేసితిమి.

మఱునాటి ప్రాతఃకాలమున యాగంటి పోతిమి. ఎఱ్ఱమల కొండల నడుమ ఉమామహేశ్వరుల ఆలయము. బయట ఆకులుకూడ వాడియున్న ఆ కొండకొనలో, ఆలయపు పుష్కరిణి నిండుగా, అడుగుఱాళ్ళు కానవచ్చునంత తేటగా ఉండెను. కొండనుండి వచ్చు ఊటనీరు ఱాతినంది నోటినుండి అందులో పడుచుండును. అగస్త్యుడు స్నానమాడిన కోనేరని ప్రతీతి. అచ్చటి నంది ఏటేట పెరుగునని కూడ ప్రసిద్ధి. మా అమ్మాయి నందిచుట్టు తిరిగి చూచి, "నీళ్ళున్నచోట ఱాయికూడ పెరుగునేమో!" అనెను. అత్తగారు కోనేటినీరు దోసిట పట్టి శిరస్సున చల్లుకొనిరి; త్రాగుటకు మాత్రము కారులోని డబ్బానీరే అడిగిరి.

అచ్చటినుండి అవుకు మీదుగా పోవుచుండగా కొండల నడుమ పెద్ద జలాశయము కనబడినది. మావారు కారు నిలిపించి, "అమ్మా, ఈ నీరు ఎవరిదో చెప్పగలవా?" అని అడిగిరి. ఆమె ఏ పెన్నయో అని యూహించిరి. "కాదు, మన కృష్ణమ్మయే" అనిరి మావారు.

ఆమె నమ్మలేదు. మావారు బడిలో చెప్పినట్లే విడమఱచి చెప్పిరి. శ్రీశైలము జలాశయపు అంచున పోతిరెడ్డిపాడుకడ తూములు కలవు. వానినుండి కాలువలో దిగిన కృష్ణనీరు గోరుకల్లు, అవుకు జలాశయములకు వచ్చి, కొండలు తొలిచిన సొరంగములగుండా గండికోట జలాశయము చేరును. గాలేరు-నగరి కాలువ యని దీనికి పేరు. "మఱి మన కాలువలకో?" అని అత్తగారి ప్రశ్న. ఆ ప్రశ్నలో కొంత కోపమును ధ్వనించెను. బందరువైపు చివరి భూములకు నీరందక రైతులు పడు అవస్థ ఆమెకు తెలియును. ఆమె పుట్టినిల్లు అటువైపే.

"మనకు గోదావరి ఇచ్చుచున్నది" అనిరి మావారు. పట్టిసీమకడ గోదావరి నీటిని ఎత్తిపోసి, కాలువద్వారా కృష్ణలోనికి బెజవాడకు ఎగువను కలుపు ఏర్పాటు 2015లో జరిగినది. అవసరమైన ఏండ్ల డెల్టా ఆ నీటిని వాడుకొన్నచో, శ్రీశైలమున ఆ మేరకు కృష్ణనీరు సీమకు మిగులును. ఒక యింటి తోడికోడండ్రు బియ్యము బదులిచ్చుకొన్నట్లే యున్నది ఈ యేర్పాటు. పంపకమున ఎవరికి ఎంత యనుట పెద్దలు తేల్చుకొనవలసిన మాట. దానిని మేము తీర్చబూనుట లేదు. గోదావరివారిచ్చినప్పుడు పుచ్చుకొన్న మనము, మననీరు పైవారికి పోవునప్పుడు కోపపడుట ఎంతవఱకు న్యాయమని మాత్రము మాకు తోచినది. అత్తగారు మాఱుమాటాడలేదు. కారు కదలినను వెనుదిరిగి ఆ నీటివంక చూచుచునే యుండిరి.

కొలిమిగుండ్ల దగ్గఱి బెలుము గుహలకు ఎండవేళకు చేరితిమి. బిలము అను మాటయే బెలుమైనదట. పైనుండి చూచిన చదునైన పొలము, అందులో బావివంటి గొయ్యి. మెట్లు దిగిపోయినచో లోపల మఱియొక లోకము! 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రవేత్త ఈ గుహలను గూర్చి వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో జర్మనీదేశపు అన్వేషకులు లోపల ప్రాకుచు కొలిచి పటము గీసిరి. మొత్తము పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనము నడచునట్లు బాటవేసి, దీపములు పెట్టి, 2002 నుండి చూడనిచ్చుచున్నారు. సింహపు జూలువలె వ్రేలాడు ఱాళ్ళకడ సింహద్వారము, వేనవేలు లింగములవలె దిగిన ఱాళ్ళకడ కోటిలింగములు. ఒకచోట ఱాళ్ళను చేతితో తట్టిన స్వరములు పలుకును.

ఇదంతయు ఎవరు తొలిచిరి? నీరు! వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పులుపెక్కును. అది సున్నపుఱాతి పగుళ్ళలోనికి దిగి ఱాతిని అణువణువుగ కరగించును. లక్షల ఏండ్లకు సన్నని పగులు నడవయగును, నడవ మందిరమగును. వానలు లేవని మనమనుకొను సీమక్రింద నీరు ఇంత యిల్లు కట్టుకొని యున్నది.

మాకు కిష్కింధాకాండ జ్ఞప్తికి వచ్చినది. సీతమ్మను వెదకుచు దప్పికతో సోలిన వానరులు, ఒక బిలమునుండి తడిసిన ఱెక్కలతో పక్షులు వెలికివచ్చుట చూచి, లోపల నీరున్నదని తెలిసికొనిరి గదా! అచ్చట వారికి ఆతిథ్యమిచ్చినది స్వయంప్రభ యను తాపసి. ఎండిన నేలలో దప్పికగొన్నవారిని ఆదరించినది స్త్రీయేయని వాల్మీకి చెప్పుట మాకు అప్పటికి కథమాత్రమే. మఱునాడు అది మా యెడలనే జరుగునని ఎఱుగము.

గుహలో ఉక్క మెండు. గొట్టములద్వారా గాలి పంపుచున్నను చెమటలు కారును. మా అత్తగారిని పైననే కూర్చుండుమంటిమి. "పాతాళగంగ అంటివి, చూడక వెనుదిరుగుదునా?" అని మా భుజము పట్టుకొని, నేలకు సుమారు 150 అడుగుల లోతుననున్న ఆ చోటికి దిగిరి. సన్నని నీటిపాయ ఒకటి ఱాతినుండి వచ్చి ఱాతిలోనికే మఱుగగుచుండెను. ఆ నీరు బెలుము ఊరిబావిలో తేలునని అచ్చటివారు చెప్పుదురు. ఆమె చేయి తడిపి చూచి, "చల్లగా ఉన్నదే" అని మాత్రము అనిరి.

సాయంకాలమునకు జమ్మలమడుగు మీదుగా గండికోట చేరితిమి. కోటగోడలు దాటి, జామి మసీదును, పాడుపడిన రంగనాథాలయమును ప్రక్కనిడి, బండలమీద కొంత నడచినంతనే భూమి తటాలున ఆగిపోవును! కాళ్ళముందర సుమారు 300 అడుగుల లోతున పెన్నానది. ఇరువైపుల ఎవరో పేర్చినట్లు పలకలు పలకలుగ ఎఱ్ఱని ఱాతిగోడలు. ఆ ఱాళ్ళ వయస్సు నూఱుకోట్ల ఏండ్లకు పైమాటయట. అమెరికాలో కొలరాడోనది తొలిచిన మహాగండి మైలునకు మించిన లోతుకలది; దానిముందు ఇది పసిపాప. అయినను గండికోట అంచున నిలిచి క్రిందికి చూచినవారికి పోలికలు తోచవు. పిల్లల చేతులు గట్టిగా పట్టుకొనవలెనన్న తలంపు మాత్రమే తోచును. అంచున చాలచోట్ల కటకటాలు లేవు.

ఈ కోటను పెమ్మసాని నాయకులు ఏలిరి. తరువాత గోలకొండ సేనాని మీర్‌జుమ్లా వశమైనది. 1652లో ఫ్రాన్సుదేశపు రత్నవర్తకుడు తావెర్నియే ఇచ్చటికి వచ్చి చూచి వ్రాసెను. ధాన్యపు కొట్టు, పావురముల గోపురము నేటికిని నిలిచియున్నవి. మమ్ము ఎక్కువగ ఆకర్షించినవి మాత్రము రాయలచెఱువును కత్తులకోనేరును. నది కంటియెదుటనే యున్నను బిందె దించుటకు వీలుకాని లోతున నున్నది. కనుక కోటలోని వారు తమ నీరు తామే నిలుపుకొనిరి. కంటికి కనబడు నీరంతయు నోటికి అందు నీరు కాదని ఆనాటి ఇల్లాండ్రకు బాగుగ తెలిసియుండును.

ఇచ్చటికి చేరువనే గండికోట జలాశయము. ఉదయము అవుకుకడ మేము చూచిన కృష్ణనీరు చేరునది ఇందులోనికే. దానిని నింపుటకై కొండాపురము ప్రాంతమున పలు గ్రామములవారు ఇండ్లు వాకిళ్ళు విడిచిపోవలసి వచ్చెను. ఒక ఊరికి నీరు వచ్చుటకు మఱియొక ఊరు నీట మునుగుట! తులసికోట విడిచి వెడలిన ఆ యింటి ఆడువారిని తలచుకొని మా అత్తగారు, "పాపం, వాళ్ళకీ నీళ్ళే శత్రువైనాయి" అని నిట్టూర్చిరి. ఆ రాత్రి పర్యాటకశాఖవారి బసలో నిద్రించి, సూర్యోదయమున గండిలో ఱాతిగోడలు ఒక్కొక్క వరుసగ వెలుగుట చూచి, పడమరగా బయలుదేఱితిమి.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని దర్శించితిమి. లింగముకడ ఎల్లప్పుడు నీరూరుచుండుటచేత బుగ్గ యని పేరు. గోపురము పూర్తికాకున్నను దానిపై చెక్కడములు చూడ రెండు కన్నులు చాలవు. ఊరివెలుపల ఎటుచూచినను నాపఱాతి గనులు. మన యిండ్లలో పఱచిన నాపఱాళ్ళలో కొన్ని ఈ ప్రాంతమునుండి వచ్చినవే. నిత్యము కాలితో త్రొక్కుచున్నను ఆ ఱాయి పుట్టినిల్లెక్కడో మనమెన్నడు అడుగలేదు.

అనంతపురములో మా ఆడపడుచును ఎక్కించుకొని ఉరవకొండ దారిపట్టితిమి. ఎండ నిప్పులు చెరుగుచుండెను. అంతలో కారు పొగలు క్రక్కి నిలిచిపోయెను. లోపలి నీరు కారిపోయి యంత్రము వేడెక్కినదట. డ్రైవరు గొట్టము బిగించి, "పోయుటకు నీళ్ళున్నవా?" అని అడిగెను. మేమందఱము అత్తగారివంక చూచితిమి. ఆమె ఒక్కక్షణము సందేహించి, డబ్బా తీసి యిచ్చిరి. కంకిపాటినుండి దాచితెచ్చిన నీరంతయు కారు త్రాగివేసెను.

యంత్రము చల్లాఱువఱకు వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. పిల్లలకు దప్పిక. ప్రక్కచేనిలో వేరుసెనగ పీకుచున్న ముసలమ్మ ఒకతె మమ్ము చూచి, చెట్టుకొమ్మకు తగిలించిన తడిగుడ్డ చుట్టిన సీసా తెచ్చి పిల్లలకందించినది. సగము వారు త్రాగిరి. తక్కినది మా అత్తగారికి ఇవ్వబోగా ఆమె, "మఱి నీకో, అమ్మా?" అనిరి.

"తాగు తల్లీ. ఇంగో గడియకు నా కొడుకు బండిమీద తెస్తాడులే" అనెను ఆ ముసలమ్మ. పీకిన మొక్కలవైపు చూచితిమి. వేళ్ళకు రెండు మూడు కాయలకంటె ఎక్కువలేవు. పూతవేళకు వాన పడలేదట. మా అత్తగారు ఆ నీరు త్రాగిరి. డబ్బు ఇవ్వబోగా ముసలమ్మ నవ్వి, "నీళ్ళకు దుడ్డు తీసుకుంటారా యాడన్నా?" అని మరల చేనిలోనికి పోయినది. మూతబిగించిన డబ్బాలు దుకాణమున కొని తెచ్చుకొను మాకు ఆ ప్రశ్నకు ఉత్తరము తోచలేదు.

మూడవజామునకు ఊరు చేరితిమి. పిల్లవాని తల్లి గుమ్మమున ఎదురువచ్చి, "రండి వదినా" అని మా అత్తగారి చేయిపట్టుకొని లోనికి తీసికొనిపోయెను. ఓళిగలు, చిత్రాన్నము, వేరుసెనగ పొడి వడ్డించిరి. మా అత్తగారి కన్నులు మాత్రము విస్తరిమీద లేవు. ఆ యింటి నీటిమీదనే యున్నవి. కుళాయి రెండు దినములకొకమారు వచ్చునట. నీరు తొట్టిలో పట్టి మూతవేసి యుంచిరి. బియ్యము కడిగిన నీరు ఎనుముకు. చేతులు కడిగిన నీరు కరివేపచెట్టుకు. స్నానపు నీరు మునగమొక్కకు. నేలపాలైన చుక్క ఒక్కటియు లేదు.

సాయంకాలము మమ్ము ఇసుకదిబ్బలకు తీసికొనిపోయిరి. సోదరీమణులారా, కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో హగరి యని పిలువబడు వేదవతీనది కలదు. అది చాలకాలము ఎండియే యుండును. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించుటచేతను, తూర్పునుండి వచ్చు మేఘములు ఇంతదూరము చేరునప్పటికి వట్టిపోవుటచేతను, ఇచ్చట వానలు తక్కువ. ఆషాఢమాసపు ఈదురుగాలులు ఎండిన యేటియిసుకను ఎత్తి పొలములమీద పోయును. అట్లు పోసి పోసి చిన్న థారు ఎడారియే వెలసినది. గాలి గీసిన అలలతో పచ్చని పైరులకు ప్రక్కనే ఇసుక తిన్నెలు! ప్రక్కన పైరేమిటందురా? తుంగభద్ర ఎగువకాలువ ఈ మండలములలో పాఱుచున్నది. కాలువ అందినచోట మన ఊరివలెనే వరి, అందనిచోట ఇసుక. భూమి ఒక్కటే; వ్యత్యాసము కాలువ ఒక్కటే.

పిల్లలు తిన్నెలమీదినుండి దొర్లి ఆడుకొనిరి. పిల్లవాని తల్లి దూరముగ ఒక దిబ్బ చూపి, "వదినా, దాని క్రింద మా ఎకరం చేనుంది. మా మామ కాలాన ఇసుక ఏటి ఒడ్డునే ఉండె. గాలి లేచిందంటే అన్నంలో ఇసుక, కంట్లో ఇసుక. ఊరు విడిచి పోదామని రెండుసార్లు మూటలు కట్టినాము" అనెను. పిదప తక్కిన చేనికి అంచున కిత్తనార, కానుగ నాటి బిందెలతో నీరు మోసి పెంచితిమని చెప్పెను. ఆ కానుగలు ఇప్పుడు మనిషియెత్తు దాటి, ఇసుకను అచ్చటనే ఆపియున్నవి. మా అత్తగారు ఆ చెట్ల మొదళ్ళు తడిమి చూచిరి. "ఎన్ని బిందెలు మోసినావు వదినా?" అని అడిగిరి. "లెక్క పెట్టుకుంటే మోస్తామా?" అని ఆమె బదులు.

దీనిని పొదుపని, ఓర్పని మెచ్చుకొనుట మనకు సులభము. బిందె మోసిన నడుమునకు అది మెప్పు కాదు, నొప్పి. నీరు అందఱి యింటికి వచ్చు దినమే ఆ యిల్లాండ్రకు నిజమైన మెప్పు.

ఆ రాత్రి మిద్దెమీద పడుకొనియుండగా అత్తగారు కుమారుని, "ఒరే, ఈ హగరిలో నీళ్ళు వచ్చినప్పుడు ఎక్కడికి పోతాయి?" అని అడిగిరి. మావారు చెప్పిరి: హగరి పోయి తుంగభద్రలో కలియును. తుంగభద్ర కృష్ణలో కలియును. కృష్ణ శ్రీశైలము, నాగార్జునసాగరము దాటి బెజవాడ చేరి, కాలువలలో దిగి మన పొలములకు వచ్చును. మన డెల్టామన్ను కూడ ఇట్టి పైదేశములనుండి నది మోసికొనివచ్చి పఱచినదే. చాలసేపు ఆమె మాటాడలేదు. నిద్రించిరనుకొంటిమి. అంతలో, "అయితే మనం ఒక ఏటివాళ్ళమే" అనిరి.

మఱునాడు ప్రయాణమగునప్పుడు పిల్లవాని తల్లికి బొట్టుపెట్టి, "వదినా, మా పిల్లకు నీళ్ళు వాడటం చేతకాదు. ధారాళంగా పెరిగింది. మీరే నేర్పుకోవాలి" అనిరి. మా ఆడపడుచు తల వంచుకొని నవ్వినది. "నేర్పేదేముంది వదినా, రెండు వేసవులు చూస్తే అదే వస్తుంది" అని ఆ తల్లి మా డబ్బాను తమ తొట్టినీటితో నింపి కారులో పెట్టించినది. రెండు దినముల నీటిలో ఇరువది లీటర్లు! అత్తగారు వలదనలేదు. దారిపొడుగున ఆ నీరే త్రాగిరి.

రానుపోను వేయి కిలోమీటర్లకు మించిన ప్రయాణమిది. చూడగోరు సోదరీమణులు అక్టోబరు, ఫిబ్రవరి నెలల నడుమ పోవుట మంచిది. వేసవిలో ఆ యెండలకు తాళజాలరు. ఊపిరి, గుండె జబ్బులు గలవారు బెలుము గుహలో లోతునకు దిగరాదు. గండికోటలో పిల్లలను అంచునకు పోనీయరాదు. ఇసుకతిన్నెలకు ఉదయమో సాయంకాలమో పోవలెను. తినినపిదప కాగితములు, సీసాలు అచ్చట పాఱవేయరాదు. ఆ దిబ్బలక్రింద ఒకరి చేను ఉండవచ్చును.

మేము ఇల్లు చేరునప్పటికి ప్రొద్దుగ్రుంకినది. కాలువ యథాప్రకారము నిండుగ పాఱుచుండెను. పెరటిలో పనిమనిషి కుళాయి విప్పి గిన్నెలు తోముచుండెను. అత్తగారు కాళ్ళుకూడ కడుగకయే పోయి కుళాయి కట్టి, ప్రక్కన ఒక బకెట్టు పెట్టిరి. పిమ్మట లోనికి వచ్చి, పంచాంగము తీసి మావారి చేతికిచ్చి, మాఘములో ముహూర్తములు చూడుమనిరి.